సైలెన్సరుకు పట్టిన తెల్లగుడ్డ

ఆయన్ని మట్టికి అప్పగించి వచ్చిన సాయంత్రం పెరట్లోకి వెళ్ళి చీర మార్చుకున్నాను. విప్పిన తెల్లచీరను బకెట్టులో వేయబోతుంటే అంచు కనపడింది. కుచ్చిళ్ళ కింద నుంచి మోకాళ్ళ దాకా నల్లగా ఉంది. మట్టి అనుకుని దులిపాను, పోలేదు. వేలితో రాస్తే జిడ్డుగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన. అప్పుడర్థమైంది, అది మా అబ్బాయి దయాకర్ బండి మసి. ఆయన పెట్టెను ఆ బండి మీదే సమాధుల దొడ్డికి తీసుకెళ్ళారు. నడిచేవాళ్ళతో సమానంగా వెళ్ళాలని దయాకర్ మొదటి గేరులో పోనిచ్చాడు, కాలు అదిమినప్పుడల్లా వెనక నుంచి ఒక నల్లమబ్బు లేచింది. బండి వెనకే నడిచినదాన్ని నేను. తిరువూరు మెయిన్ రోడ్డు దాటిందాకా నాకు పెట్టె కనపడలేదు. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి చివరిసారి వీధిలోంచి వెళ్తుంటే నేను చూసింది పొగ.

ఆ చీర చేతిలో పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఏడుపు రావాలి. కానీ ఏం చెప్పను, మా నాన్న కళ్ళ ముందుకు వచ్చాడు. మెష్ ఊడిపోయిన జల్లెడ చట్రానికి తెల్లగుడ్డ బిగించి, సైలెన్సరు ముందు గొంతుక్కూచుని, "అమ్మాయ్, తొక్కు!" అని అరుస్తున్న మా నాన్న. నేను చెబుతుంటే రాస్తున్నది మా మనవరాలు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం దాకానే వచ్చు. "నాయనమ్మా, ఇంజను పొగ సంగతి ఎవరు చదువుతారే?" అంటోంది. రాయవే తల్లీ. నా బతుకులో నేను కళ్ళారా చూసిన వింత అదొక్కటే.

మా నాన్న బండి ఏ కంపెనీదీ కాదు. వేలంలో వచ్చిన పెట్రోలు జీపు. దాని వెనక భాగం కోయించి, తుమ్మచెక్కతో తొట్టి కట్టించి, మామిడికాయలు వేసుకునే ట్రక్కు చేశాడు. పెట్రోలు పోయించలేకపోతున్నామని పాత ఇంజను పీకేసి, ఎక్కడో గుద్దుకున్న వ్యానులోంచి తీసిన డీజిలింజను ఆటోనగర్ నుంచి తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. జీపు ముక్కు చిన్నది, ఇంజను పెద్దది. దాని గాలిడబ్బా బానెట్టు కింద పట్టలేదు. అందుకని ఒక ఇనప గొట్టాన్ని ముందు మడ్‌గార్డు పక్కగా బయటికి తీసి, దాని చివర పాలపొడి డబ్బా అతికించి, డబ్బాలో ఆయిల్లో ముంచిన కొబ్బరిపీచు కూరాడు. బండి ఊపిరి పీల్చే ముక్కు అది. మా పేటలో పిల్లలందరూ దాన్ని ఏనుగు అనేవాళ్ళు, ఆ తొండం మూలాన.

అమ్మ నన్ను కన్న కొన్నాళ్ళకే పోయింది. నన్ను పెంచింది మా నాయనమ్మ. ఆవిడకు లోకంలో దేన్నైనా వడపోయకుండా వాడటం ఇష్టం ఉండేది కాదు. బావి నీళ్ళు బిందెలోకి గుడ్డలోంచే పోయాలి. పాలు, చింతపండు రసం, మజ్జిగ, చివరికి బుడ్డిలో పోసే కిరసనాయిలు కూడా గుడ్డలోంచే దిగాలి. పాత తెల్లచీరలు చింపి, మడతలు పెట్టి, దండెం మీద వరసగా ఆరేసేది. మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ ఆ తడిగుడ్డల వాసన, దాని మీదికి వచ్చే డీజిలు వాసన, ఎండాకాలమైతే తొట్టిలో మిగిలిన వరిగడ్డిలోంచి వచ్చే మామిడిపండు వాసన. నాన్న తెల్లవారకముందే బండి స్టార్టు చేసేవాడు. అది ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి, అప్పుడు ఇల్లంతా వణికేది. నాయనమ్మ ప్రార్థన మధ్యలో ఆపి, "ఏసయ్యా, ఏనుగు లేచింది" అని మళ్ళీ మొదలుపెట్టేది.

కొత్తబండి కొంటే మాలో పాస్టరుగారిని పిలిచి బండి ప్రార్థన చేయిస్తారు. ఏనుగు మొదటిసారి కదిలిన రోజున మా పాస్టరుగారు వచ్చి బానెట్టు మీద చెయ్యిపెట్టి ప్రార్థించారు. ఆయన ఆమెన్ అనగానే నాయనమ్మ ముందుకు వెళ్ళి, గుడిలో ప్రభువు బల్లకు కట్టుకునే తన తెల్ల కమ్యూనియన్ చీరలోంచి చింపిన గుడ్డ రెండు మడతలు వేసి, ఆ గాలిడబ్బా మూతికి బిగించి దారంతో కట్టేసింది.

"తోటల్లో తిరిగే బండి రా. ఎంత ఎర్రదుమ్ము! వడపోసుకుని పీల్చనీ," అంది.

నాన్న కాదనలేదు. ప్రార్థనలో కట్టిన గుడ్డ అది. బండికి తాయెత్తు అని పక్కింటివాళ్ళు ఎగతాళి చేస్తే మాత్రం ఆవిడకు కోపం వచ్చేది. రోజూ బండి కడిగేటప్పుడు నాన్న ఆ గుడ్డ మీద మెత్తగా తట్టి పై దుమ్ము రాల్చేవాడు. విప్పడం మాత్రం ఎరగడు. మా ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

నాకు వినగడప సంబంధం కుదిరింది. ప్రధానం రోజున మగపెళ్ళివారు వచ్చారు. రెడ్డిగూడెం తోటల లోడు దింపి నాన్న అప్పుడే బండితో వచ్చాడు. వాకిట్లో మలుపు తిప్పుకోవడానికి ఒక్కసారి అదిమాడు. అంతే, పందిరంతా నల్లగా కమ్మేసింది. పెళ్ళివారి తెల్లచొక్కాల మీద, పళ్ళెంలో పెట్టిన పూలదండల మీద మసి రేణువులు వాలాయి. దగ్గులు, తుమ్ములు. పెళ్ళికొడుకు అక్క రత్నమ్మ, తరవాత నాకు వదిన, కొంగుతో ముక్కు మూసుకుని పకపకా నవ్వింది.

"మావయ్యగారూ, పిల్లని ఈ బండిలోనే తెస్తానన్నారంటగా? తెల్లచీరతో ఎక్కి నల్లకోకతో దిగిద్దేమో! గుడి ముందు పెళ్ళికూతురెవరో వెతుక్కోవాల్సొచ్చిద్ది. మేమే కారు పంపుతాం లెండి."

అందరూ నవ్వారు. నేను గుమ్మం వెనకాల ఉన్నాను. నాన్న నవ్వలేదు. ఆ బండి ఆయన తన చేతులతో కట్టుకున్నది. తల్లిలేని పిల్లను తన బండి మీద గుడి మెట్ల దాకా తీసుకెళ్ళాలని ఎన్నాళ్ళుగానో పేటంతా చెప్పుకున్నాడు.

"నా పిల్ల నా బండిలోనే వచ్చిద్దమ్మా," అన్నాడు. "ఆ పొద్దుకి ఇది పొగ మానకపోతే నేనే నీకు కబురు పెడతా. కారు పంపు."

పెళ్ళి మామిడి సీజను చివర్లో. ఆ మర్నాటి నుంచి మా వాకిలి ఆస్పత్రి అయిపోయింది. నాన్న సాయంత్రం రాగానే జల్లెడ చట్రానికి తెల్లగుడ్డ బిగించేవాడు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తాను వెనక కూర్చునేవాడు. "తొక్కు!" అంటే తొక్కేదాన్ని. ఏనుగు గొంతెత్తి అరిచేది. "చాలు!" అనగానే దిగి పరిగెత్తి వెళ్ళి చూసేదాన్ని. గుడ్డ మీద గుండ్రంగా, దోసె పెనం అడుగులాగా నల్లటి మచ్చ. నాన్న ఆ గుడ్డను సూర్యుడికేసి ఎత్తి చూసేవాడు. మచ్చలోంచి వెలుతురు రావాలి, అప్పుడు లెక్క. రాలేదు.

ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పి విజయవాడ పట్టుకెళ్ళి పరీక్ష చేయించుకొచ్చాడు. డీజిలు ధారగా పడకూడదు, మంచులాగా చెదరాలట. నాకు నోటితో నీళ్ళు చిమ్మి చూపించాడు, ఇస్త్రీ చేసేవాళ్ళు చిమ్మినట్టు. కొత్త నాజిళ్ళతో మచ్చ కొంచెం పల్చబడింది. తరవాత డీజిలు పంపు మీద పడ్డాడు. తోటల్లోంచి లోడుతో ఎక్కిరావడానికి లాగటంలేదని ఒకప్పుడు ఆయనే పంపు స్క్రూ తిప్పి డీజిలు ఎక్కువ తాగేలా పెట్టాడు. ఇప్పుడు వెనక్కి తిప్పాడు. పొగ ఇంకొంచెం తగ్గింది, కానీ బండి నీరసించింది. కాయల లోడుతో గట్టు ఎక్కలేక మధ్యలో ఆగిపోయింది, కూలీలు దిగి నెట్టారు. ఆ రోజు నాన్న అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు.

"పెళ్ళికి పనికొచ్చే బండి తోటకి పనికిరాదు, తోటకి పనికొచ్చేది పెళ్ళికి పనికిరాదు," అన్నాడు. "రత్నమ్మకి కబురు పెట్టనా అమ్మా?"

"పెట్టు. పెట్టి మూల కూచో," అంది నాయనమ్మ. "ముందా కంచం ఖాళీ చెయ్యి."

ఆ గుడ్డలన్నీ ఉతికేది నేనే. కుంకుడురసం, చౌడు, బూడిద, ఏది పెట్టినా డీజిలు మసి పోదు. ఒక్కో గుడ్డ చొప్పున నాయనమ్మ దండెం ఖాళీ అవుతూ వచ్చింది. ఆవిడ గొణుగుడు మొదలైంది. పెళ్ళికి తాండ్ర వేయాలి, గుజ్జు వడపోయడానికి ఇంట్లో ఒక్క తెల్లగుడ్డ మిగల్లేదని.

తాండ్ర వేసే రోజున అరుగు మీద గంగాళం నిండా పిండిన మామిడిపండ్ల రసం. వాకిట్లో ఏనుగు ఆగకుండా మోగుతోంది. నాన్న వెనక చట్రంతో కూర్చున్నాడు, నేను సీట్లో ఉన్నాను, కాలు కింద పెడల్ అదిమి పట్టుకున్నాను. వెనక నల్లపొగ కొబ్బరిచెట్టు మొదలంతా కప్పేస్తోంది. నాయనమ్మ చేతులకు గుజ్జుతోనే వచ్చింది.

"అన్ని గుడ్డలూ దీనికే తగలేశావు. ఇదన్నా నాది నాకియ్యి. ఉడకబెట్టి ఉతికితే తెల్లబడిద్ది," అంటూ మడ్‌గార్డు దగ్గరికి వెళ్ళి, తన ప్రార్థన గుడ్డ దారం తెంపింది. గుడ్డ పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఒక్కసారిగా కెవ్వుమంది.

"ఒరేయ్! లోపల ఎవరో పట్టుకున్నార్రా! గుడ్డని లోపల్నించి లాగుతున్నార్రోయ్!"

నేను సీట్లోంచి చూస్తున్నాను. ఆవిడ కాలు మడ్‌గార్డుకు తన్నిపెట్టి, రెండు చేతులతో గుంజుతోంది. గుడ్డ డబ్బాలోకి గుంటపడి, బిగుసుకుపోయి ఉంది. ఫట్ మని ఊడింది. ఆవిడ వెల్లకిలా పడింది. ఆ క్షణంలో బండి గొంతు మారింది. ఎలా చెప్పను? నీళ్ళలో మునిగిన మనిషి తల పైకెత్తి ఒక్కసారి పీల్చుకుంటే వచ్చే చప్పుడు, అది. నా కాలు కదలలేదు, పెడల్ అక్కడే ఉంది. అయినా ఇంజను కిందికీ పైకీ ఊగి, సర్దుకుని, ఒకే స్వరం పట్టుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. పొగ సన్నబడింది. దారమంత అయింది. తరవాత అది కూడా లేదు. సైలెన్సరు చివర గాలి మాత్రం ఎండలో నీళ్ళలాగా వణుకుతోంది. దాని వెనక కొబ్బరిచెట్టు ఆకుపచ్చగా కనపడింది. అన్ని రోజులూ అక్కడే ఉన్న చెట్టే.

నాన్న లేచి నిలబడ్డాడు, చేతిలో చట్రం. తల్లి కింద పడిందని కూడా చూడలేదు. సైలెన్సరు ముందు అరచెయ్యి పెట్టాడు. చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. తరవాత తొండం దగ్గరికి వచ్చి, మూతి ముందు చెయ్యి పెట్టాడు. తొండం ఆ చెయ్యిని లోపలికి లాక్కుంది. చిన్నపిల్లాడిలాగా నవ్వాడు.

"అమ్మా, దీనికి ఊపిరాడక చచ్చిపోతోందే ఇన్నాళ్ళూ! మనం తిండి పెడుతున్నాం, గాలి పెట్టట్లా. సగం ఉడికిన మెతుకులే పొగై బయటికొస్తున్నాయి."

నాయనమ్మ పడినచోటే లేచి కూర్చుంది. ఒళ్ళో గుడ్డ. మొహం మాడిపోయింది. "అంటే నా ప్రార్థనే పొగ పెట్టిందంటావా?"

"ప్రార్థన కాదే. తోటల దుమ్ము."

ఆవిడ ఆ గుడ్డ మడత విప్పింది. మేమిద్దరం వంగి చూశాం. లోపలి మడతలో ఎర్రటి దుమ్ము, ఇటుకలాగా గట్టిపడి ఉంది. పైన తట్టితే రాలేది కాదు అది. విరిస్తే పెంకులు పెంకులుగా ఊడింది. ఎన్ని తోటలు, ఎన్ని సీజన్లు ఆ గుడ్డలో అణిగి ఉన్నాయో.

"ఇదంతా నీ ఇంజను లోపలికి పోకుండా ఆపిందెవర్రా మరి?" అంది.

నాన్న ఆ ఎర్రపెంకు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని వేలితో గీకి చూశాడు. నాకు అప్పుడు తెలియలేదు గానీ ఇప్పుడనిపిస్తుంది. ఆయన జీవితంలో ఇంజను గురించి నేర్చుకున్నదంతా ఆ పెంకులో ఉంది. వడపోయకపోతే అరిగి చస్తుంది, ఎక్కువ వడపోస్తే ఊపిరాడక చస్తుంది. ఆ సాయంత్రమే పెద్ద నూనెడబ్బా తెచ్చి, వెడల్పు మూతితో కొత్త గాలిడబ్బా చేశాడు, పీచు మార్చాడు. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం దాన్ని విప్పి కడిగే పని నాయనమ్మది. ఆవిడ అది గుడికి వెళ్ళేముందే చేసేది, పళ్ళు తోముకున్నంత శ్రద్ధగా. పంపు స్క్రూ చెవితో వింటూ వింటూ తిప్పి ఒకచోట ఆపాడు. లోడూ లాగింది, పొగా లేదు. ఆఖరి గుడ్డ సైలెన్సరుకు పట్టి, ఎండకేసి ఎత్తాడు. వేలితో మెత్తగా అద్దినట్టు లేతబూడిద రంగు గుండ్రం. దానిలోంచి సూర్యుడు కనపడ్డాడు. ఆ గుడ్డను నన్ను ఉతకనివ్వలేదు. పెళ్ళిచీర కింద పెట్టెలో దాచాడు.

పెళ్ళిరోజు ఏనుగు తొట్టిలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. తెల్లచీర, తెల్లముసుగు. వినగడప పొలిమేర దగ్గర బ్యాండువాళ్ళు ఎదురొచ్చారు, బండి నడకలోకి దిగింది. అప్పుడు నాయనమ్మ తొట్టిలోంచి దిగిపోయింది. తన కమ్యూనియన్ చీర, ఒక మూల చిరిగిన అదే చీర కట్టుకుంది.

"ఎక్కవే, కాళ్ళు నొప్పులంటావుగా," అన్నాడు నాన్న.

"నువ్వు పోనీరా. నేను దీని వెనకాలే నడుస్తా. మసంటూ పడితే ముందు నా మీద పడాలి."

సైలెన్సరుకు బారెడు దూరంలో నడిచింది, గుడి దాకా. నేను కుర్చీలోంచి వెనక్కే చూస్తూ కూర్చున్నాను. పెళ్ళికూతురు తల వంచుకోవాలని ఎవరో అరుస్తున్నారు. ఎలా వంచుకుంటాను? వణికే గాలిలోంచి ఆవిడ మొహం ప్రతి ముడతతో సహా కనపడుతోంది. నన్ను చూసి నవ్వుతోంది. గుడి మెట్ల దగ్గర రత్నమ్మ వదిన మొదట నా దగ్గరికి రాలేదు, ఆవిడ దగ్గరికి వెళ్ళింది. వంగి, ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం మామ్మా, ఇందాకే మార్చావా చీర?"

"మార్చడానికి ఇంకోటి ఉంటేగా!"

అంతలో పెళ్ళికొడుకు బయటికొచ్చాడు. నన్ను చూడాల్సిన మనిషి తిన్నగా బండి వెనక్కి వెళ్ళి, సూటుతో గొంతుక్కూచుని సైలెన్సరులోకి తొంగి చూశాడు. చెయ్యి అడ్డం పెట్టి, "మావయ్యా, ఇదెలా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నాకు మాత్రం, ఈ మనిషితో బతకొచ్చు అనిపించింది. నాన్న తరవాత ఏనుగును నడిపింది ఆయనే. ఆదివారం గాలిడబ్బా కడగడం మా కాపురంలోనూ సాగింది.

ఇప్పుడు దయాకర్ బండి కంపెనీది, నున్నగా మెరుస్తుంది. బరువు మోసే కమాన్‌పట్టీలు ఎక్కువ వేయించి ఎత్తు పెంచాడు. డీజిలు ఎక్కువ తాగేలా సెట్టింగు మార్పించాడు. సైలెన్సరులో పొగ వడపోసే జల్లెడ లాంటిది ఉంటే, అడ్డమని అది కూడా పీకేయించాడు. మా నాయనమ్మ మూతికి గుడ్డ కట్టింది, వీడు తోక దగ్గర గుడ్డ విప్పాడు. నల్లగా పొగ కక్కితే బండికి బలం ఎక్కువని ఈ కాలం కుర్రాళ్ళకు సరదా అట. ఆయన్ని మట్టికి అప్పగించి వచ్చిన ఆ సాయంత్రమే నేను పెళ్ళినాటి పెట్టెలోంచి ఆ పాతగుడ్డ తీసి వాడి చేతిలో పెట్టాను.

"ఇదేందమ్మా?"

"మీ తాత పొగ కొలిచిన గుడ్డ. నీదీ కొలిచి చూడు."

"అది పాతకాలం బండమ్మా. ఇది కంప్యూటర్ బండి."

"ఆ కంప్యూటరొచ్చి నా చీర ఉతికిద్దా?" బకెట్టులో నానుతున్న చీర పైకెత్తి చూపించాను. "మీ నాన్న పెట్టె నాకు కనపడలేదు రా. అంత దూరం నడిచాను, కనపడలేదు."

వాడు చీర కేసి చూసి, తల తిప్పుకుని, చెప్పులేసుకుని బయటికెళ్ళాడు. తరవాత రోజుల్లో బండి వాకిట్లో లేదు. ఎక్కడికి తీసుకెళ్ళాడో నేనడగలేదు. ఒక సాయంత్రం తిరిగొచ్చాడు. చేతిలో తెల్ల తువ్వాలు, దాని మధ్యలో లేతబూడిద గుండ్రం. నా ముందు ఎండకేసి ఎత్తి పట్టాడు, వాడికి ఎవరూ చెప్పకుండానే.

"జల్లెడ మళ్ళీ పెట్టించా. సెట్టింగు కంపెనీ ఇచ్చినట్టే మార్పించా. గాలిఫిల్టరు తీస్తే ఇంత దుమ్ముందమ్మా లోపల," అని చెయ్యి చాపి చూపించాడు.

ఆ జల్లెడ ఎంత వింత వస్తువో నాకు చెప్పాడు. మసిని పట్టి ఉంచి, వేడెక్కినప్పుడు తనలో తానే కాల్చేసుకుంటుందట. దాన్ని కడగనక్కరలేదు. మా నాయనమ్మ ఉంటే నమ్మేది కాదు. వడపోసిన మడ్డిని తానే మింగేసే గుడ్డ! ఏ ఊరివాళ్ళు కనిపెట్టారో, వాళ్ళింట్లో కూడా ఎవరో ఒక ముసలమ్మ అన్నీ వడపోస్తూ ఉండి ఉంటుంది.

ఆయన జ్ఞాపకార్థ కూడిక రోజున సమాధి మీద నిలబెట్టే రాయిని బండిలో పెట్టారు. నిలువుగా, పేరు వెనక్కి కనపడేలా. "ముందు సీట్లో కూచోమ్మా," అన్నాడు దయాకర్. నేను కూర్చోలేదు. ఉతికిన ఇంకో తెల్లచీర కట్టుకున్నాను, బండి వెనక్కి వెళ్ళి సైలెన్సరుకు బారెడు దూరంలో నిలబడ్డాను. రత్నమ్మ వదిన ఇప్పుడు కర్రతో నడుస్తుంది. నా పక్కకు వచ్చి, "నీకూ మీ నాయనమ్మ పిచ్చే పట్టిందేంటే," అంది. అని, నాతోపాటే నడిచింది.

బండి కదిలింది. సైలెన్సరు చివర గాలి సన్నగా వణుకుతోంది. దాని అవతల ఎండలో రాయి, రాయి మీద నల్లగా అక్షరాలు. పెళ్ళైనప్పటి నుంచి మొగుడి పేరు నోటితో పలికినదాన్ని కాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పైకే చదువుకుంటూ, సమాధుల దొడ్డి దాకా నడిచాను.